మోకాలి వెనక ఉబ్బిన ధమని: మిర్చి ఏరుడు అయ్యే దాకా ఆగొచ్చా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మా బాపుకు 66 ఏళ్లు. నాలుగెకరాల్లో మిర్చి, పత్తి వేస్తాడు. చిన్నప్పటి నుంచి బీడీ అలవాటు ఉంది, బీపీ మాత్రలు వేసుకుంటాడు. కొద్ది నెలలుగా కొంచెం దూరం నడిస్తే చాలు, కుడి పిక్క పట్టేస్తోంది. వరంగల్‌లో డాప్లర్ స్కాన్ తీయిస్తే కుడి మోకాలి వెనక ధమని 2.8 సెంటీమీటర్లు ఉబ్బిందని, లోపల రక్తం గడ్డ ఉందని, ఎడమ వైపు కూడా 1.6 ఉందని వచ్చింది. ఒక డాక్టరు బైపాస్ ఆపరేషన్ చేయాలన్నారు. ఇంకొకరు కోత లేకుండా స్టెంట్ వేస్తామన్నారు. ఈమధ్య నొప్పి తగ్గింది కాబట్టి మిర్చి ఏరుడు అయ్యాక చూద్దామని మా మేనమామ అంటున్నాడు. బాపు మాత్రం రోజూ నూనెతో మర్దన చేయించుకుంటున్నాడు. అది పగిలిపోతుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. ఏది మంచిది, ఎప్పుడు చేయించాలి?
ఒక కూతురు, వరంగల్ జిల్లా

జవాబు:

అమ్మా, ముందు ఆ మర్దన ఈ రోజే ఆపించండి. మిగతా సంగతులు తర్వాత. ఉబ్బిన ధమని లోపల గడ్డ ఉన్నప్పుడు పైనుంచి నొక్కి రుద్దితే గడ్డ ముక్కలు కదిలి కిందికి జారే ప్రమాదం ఉంది. మీ బాపు కాలికి అసలు ముప్పు కూడా అక్కడి నుంచే.

పగిలిపోతుందేమో అని రాశారు. కడుపులో పెద్ద ధమని ఉబ్బితే ఆ భయం నిజమే. మోకాలి వెనక ధమని పగలడం మాత్రం చాలా అరుదు. ఇక్కడ జరిగేది వేరు. మామూలుగా ఈ ధమని సెంటీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. అది గోడ బలహీనపడి సంచిలా ఉబ్బితే లోపల రక్తం వేగం తగ్గి సుళ్లు తిరుగుతుంది. చెరువులో నీళ్లు నిలిచిన చోట ఒండ్రు పేరుకున్నట్టే ఆ సంచి గోడలకు గడ్డ పొరలు పొరలుగా అంటుకుంటుంది. మనిషి మోకాలు వంచి లేచిన ప్రతిసారీ ఆ పొరల్లోంచి చిన్న ముక్క ఊడిపోవచ్చు. మోకాలి కింద ధమని మూడు పాయలుగా చీలి పాదానికి వెళుతుంది. ఊడిన ముక్క ఒక పాయలో ఇరుక్కుంటే మిగతా రెండూ పని నెట్టుకొస్తాయి, మనిషికి పెద్దగా తెలియదు. రెండోది కూడా మూసుకుంటే నడిచినప్పుడు పిక్క పట్టేస్తుంది. మూడోదీ పోతే, లేదా సంచి మొత్తం ఒక్కసారిగా గడ్డకడితే, కాలు గంటల్లో చల్లబడుతుంది.

మీ బాపుకు నడిస్తే పిక్క పడుతోందంటే కింది పాయల్లో రెండు దెబ్బతిని ఉండొచ్చని నా అనుమానం. ఇప్పుడు నొప్పి తగ్గిందని మీ మేనమామ ధైర్యం చెబుతున్నారు. ఆయన మంచికే చెబుతున్నారు, కాదనను. కానీ ఒక్కటి గమనించండి. బాపు ఇప్పుడు మునుపటంత నడుస్తున్నాడా? నొప్పి వస్తుందని తెలిసిన మనిషి తెలియకుండానే నడక తగ్గిస్తాడు, మోటరు దగ్గరికి కూడా బండి మీద వెళ్తాడు. నడక తగ్గితే నొప్పి తగ్గుతుంది. లోపలి గడ్డ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఈ జబ్బు విషయంలో నా మనసులో ఒక ముల్లు ఉంది, అది చెప్తాను. హౌస్ సర్జన్సీ ముగించి కొత్తగా డ్యూటీలు చేస్తున్న రోజుల్లో ఒక లారీ డ్రైవరు కాలు వాచిందని వచ్చాడు. మోకాలి వెనక మెత్తటి ఉబ్బు ఉంది. కీలు నుంచి వచ్చే నీటి బుడగ అనుకుని నొప్పి మాత్రలు రాసి పంపాను. దాని మీద చేయి వేసి, గుండెతో పాటు కొట్టుకుంటోందో లేదో చూడలేదు. కొన్ని రోజులకు పాదం నల్లబడి తిరిగి వచ్చాడు. మోకాలి పైదాకా తీసేయాల్సి వచ్చింది. కాలు వాపుకు కారణం కూడా ఆ సంచే. అది పెరిగి పక్కనున్న సిరను నొక్కేసింది. అప్పట్నుంచి మోకాలి వెనక ఏ ఉబ్బు కనిపించినా ముందు రెండు చేతుల వేళ్లు పెట్టి చూస్తాను, మరో పక్క మోకాలు కూడా చూస్తాను. మీ ఊళ్లో ఎవరికైనా అక్కడ కొట్టుకునే గడ్డ తగిలితే దాన్ని సూదితో గుచ్చనివ్వకండి, పసరు కట్టనివ్వకండి.

ఇక మీరు అడిగిన దానికి వస్తాను. ఆపరేషన్ ఎప్పుడు అవసరం? ధమని 2 సెంటీమీటర్లు దాటితే, మనిషి తట్టుకోగలిగితే, లక్షణాలు లేకపోయినా చేయించడం మేలని వాస్క్యులర్ సర్జన్లు, అంటే రక్తనాళాల ఆపరేషన్లు చేసే డాక్టర్లు, అంటారు. 2 లోపల ఉన్నా గడ్డ ఉండి, ముక్కలు కిందికి జారుతున్న గుర్తులుంటే చేయాల్సిందే. గుండె, ఊపిరితిత్తులు బాగా దెబ్బతిని ఆపరేషనే ప్రమాదం అనిపించే వాళ్లలో మాత్రం 3 దాకా ఆగుతారు. మీ బాపుది 2.8, గడ్డ ఉంది, నడిస్తే నొప్పి ఉంది. అందుకే ఇది ఆగే కేసు కాదని నా అభిప్రాయం. అలాగని ఈ రాత్రికే పరిగెత్తాల్సిన పనీ లేదు. పరీక్షలు ముగించుకుని కొద్ది వారాల్లో చేయించండి. మిర్చి ఏరడానికి కూలీలను పెట్టుకోవచ్చు, ఎనుమాముల మార్కెట్‌కు సరుకు మీ తమ్ముడో, మేనమామో తోలుకుపోవచ్చు. కాలు ఒకసారి చచ్చుబడితే ఎవరి చేతుల్లోనూ ఉండదు.

బైపాసా, స్టెంటా అన్నది ఇద్దరు డాక్టర్లలో ఎవరు తప్పు అన్న ప్రశ్న కాదమ్మా. రెండూ నిజమైన వైద్యాలే. ఎవరి కాలికి ఏది నప్పుతుందన్నదే చూడాలి.

బైపాస్‌లో రెండు పద్ధతులున్నాయి. ఒకదానిలో తొడ లోపలి వైపు, మోకాలి కింద లోపలి వైపు కోసి, ఉబ్బిన భాగాన్ని పైనా కిందా కట్టేసి, రక్తానికి పక్కనుంచి కొత్త దారి వేస్తారు. ఆ కొత్త దారికి మనిషి కాలిలోదే, చర్మం కింద పొడుగ్గా పారే సిరను వాడతారు. రెండో పద్ధతిలో మనిషిని బోర్లా పడుకోబెట్టి మోకాలి వెనకే కోసి, సంచిని తెరిచి, గడ్డ తీసేసి, లోపలికి తెరుచుకునే చిన్న కొమ్మలను కుట్టేసి, మధ్యలో సిర ముక్కనో, కృత్రిమ గొట్టాన్నో అతుకుతారు. ఉబ్బు మోకాలి వెనక మాత్రమే ఉంటే ఈ రెండోది బాగుంటుంది, ఎందుకంటే సంచి పూర్తిగా ఖాళీ అవుతుంది. మొదటి పద్ధతిలో సంచి లోపలే ఉండిపోతుంది. మోకాలి చుట్టూ ఉన్న చిన్న ధమనుల నుంచి దానిలోకి మళ్లీ రక్తం చేరి కొందరిలో అది పెరగొచ్చు. అందుకే తర్వాత కూడా స్కాన్లు తప్పవు. ఉబ్బు తొడ వైపు పైకి పాకి ఉంటే మాత్రం మొదటి పద్ధతే చేయాలి.

ఈ కట్టేసే ఆలోచన చాలా పాతది. 1785లో లండన్‌లో జాన్ హంటర్ అనే సర్జన్, మోకాలి వెనక ధమని ఉబ్బిన ఒక గుర్రబ్బండి తోలే మనిషికి తొడలో ధమనిని కట్టేశాడు. అంతకుముందు ఇలాంటి వాళ్లకు చాలాసార్లు కాలు తీసేయడమే జరిగేది. ఆ మనిషికి చుట్టుపక్కల చిన్న రక్తనాళాలే దారి ఇచ్చి కాలు నిలిచింది. ఇప్పుడు కట్టడంతో పాటు కొత్త దారి కూడా వేస్తున్నాం కాబట్టి ఆ చిన్న నాళాల మీదే ఆధారపడాల్సిన అవసరం లేదు.

సొంత సిరతో వేసిన బైపాస్ ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కాలు బాగున్నప్పుడే, ముందుగా ప్లాన్ చేసుకుని చేసిన వాళ్లలో నూటికి 90 మందికి పైగా కాలు నిలుస్తుంది. కష్టం లేకపోలేదు. దాదాపు వారం ఆసుపత్రిలో ఉండాలి, మత్తు ఇవ్వాలి, గుండె తట్టుకోవాలి. కోత దగ్గర చీము పట్టొచ్చు. పిక్క లోపలి వైపు కొంత మేర తిమ్మిరిగా ఉండిపోవచ్చు. కాలు వాపు వారాల పాటు, ఒక్కోసారి నెలల పాటు ఉంటుంది, అది చూసి టెన్షన్ పడకండి.

స్టెంట్ సంగతి. ఇక్కడ వేసేది గుండెకు వేసే జల్లెడ లాంటి స్టెంట్ కాదు. దానికి బట్టలాంటి తొడుగు ఉంటుంది, స్టెంట్ గ్రాఫ్ట్ అంటారు. గజ్జల్లో సూది రంధ్రం నుంచో, చిన్న కోత నుంచో దాన్ని పంపి, ఉబ్బు లోపల కొత్త గొట్టంలా పరుస్తారు. మనిషి ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వస్తాడు. వినడానికి ఇదే హాయిగా ఉంటుంది, నిజమే. కానీ దీనికి మూడు షరతులున్నాయి. ఉబ్బుకు పైనా కిందా సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున మంచి ధమని ఉండాలి, లేకపోతే గొట్టం పట్టు చిక్కదు. కింది పాయల్లో రక్తం బాగా పారుతూ ఉండాలి. ఇక మూడోది మన ఊళ్ల వాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైనది: మోకాలు.

మోకాలు వంచితే ఈ ధమని కూడా వంగుతుంది. గొంతుక్కూర్చుంటే దాదాపు మడత పడుతుంది. మీ బాపు రోజులో ఎన్నిసార్లు గొంతుక్కూర్చుంటాడో ఒక్కసారి లెక్కేయండి. కలుపు తీసేటప్పుడు, మొక్కలు నాటేటప్పుడు, బోరు మోటరు దగ్గర, ఇంటి వెనక మరుగుదొడ్డిలో, సాయంత్రం నలుగురితో కూర్చున్నప్పుడు కూడా. అన్నం కింద కూర్చునే తింటాడు. ఇలా రోజూ మడత పడే చోట లోహపు గొట్టం పెడితే అది నలగొచ్చు, విరగొచ్చు, లోపల రక్తం గడ్డకట్టొచ్చు. అందుకే పొలం పని చేసే మనిషికి, మోకాళ్ల మీద కూర్చుని పనిచేసే మేస్త్రీకి స్టెంట్ అనగానే నేను ఒకటికి రెండుసార్లు అడుగుతాను. స్టెంట్ వేసిన వాళ్లు రక్తం గడ్డకట్టకుండా మాత్రలు సరిగ్గా వేసుకోవాలి, మొదట్లో చాలామందికి రెండు రకాలు ఇస్తారు. చేను పనిలో పడి నాలుగు రోజులు మరిచిపోతే మొదటికే మోసం వస్తుంది.

ఈ రెండింటినీ ఎదురెదురుగా పెట్టి పోల్చిన పెద్ద అధ్యయనం లేదు. 2005లో ఇటలీ డాక్టర్లు ప్రచురించిన చిన్న అధ్యయనంలో 30 ఉబ్బులను పోల్చారు. రక్తం పారడంలో పెద్ద తేడా కనిపించలేదు, స్టెంట్ వేసిన వాళ్లు ముందుగా ఇంటికి వెళ్లారు. 30 కేసులతో తీర్పు చెప్పలేం. అమెరికా వాస్క్యులర్ సర్జన్ల సంఘం 2022లో ప్రచురించిన మార్గదర్శకాలు మాత్రం ఒక మాట చెప్పాయి: ఇంకా ఐదేళ్లకు మించి బతుకుతాడనుకునే మనిషికి మంచి సిర ఉంటే కోసి చేసే ఓపెన్ ఆపరేషన్ వైపే మొగ్గు చూపండి అని. ఆపరేషన్‌ను తట్టుకోలేని వాళ్లకు స్టెంట్ మంచి ఆసరా.

66 ఏళ్లు, చేను పని చేసుకునే శరీరం, గుండె పరీక్షలు బాగుంటే మీ బాపుకు సొంత సిరతో బైపాసే నాకు సరైనదిగా తోస్తోంది. సిర బాగాలేకపోయినా, గుండె బలహీనంగా ఉన్నా నా మాట మారుతుంది. అందుకే నిర్ణయానికి ముందు ఈ పరీక్షలు కావాలి. కాలి ధమనులకు సీటీ యాంజియో చేస్తే ఉబ్బు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో, కింది మూడు పాయల్లో ఎన్ని పారుతున్నాయో తెలుస్తుంది. దానికి ఎక్కించే మందు కిడ్నీలకు భారం కాబట్టి ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూస్తారు, షుగర్ మాత్రలు వాడే వాళ్లు ఆ సంగతి చెప్పాలి. రెండు కాళ్ల సిరల స్కాన్, గుండెకు ఈసీజీ, ఎకో. ఇంకొకటి మీ ఉత్తరంలో లేదు: కడుపు స్కాన్. మోకాలి వెనక ఒక పక్క ఉబ్బు ఉన్న వాళ్లలో దాదాపు సగం మందికి రెండో పక్క కూడా ఉంటుంది, మీ బాపుకు అది కనబడింది. ప్రతి పది మందిలో మూడు నలుగురికి కడుపులో పెద్ద ధమని కూడా ఉబ్బి ఉంటుంది. మీరు భయపడ్డ ఆ పగిలే ప్రమాదం అక్కడ ఉంటుంది. మామూలు అల్ట్రాసౌండ్‌లోనే అది తెలిసిపోతుంది, తప్పకుండా చేయించండి.

సర్జన్ దగ్గరికి వెళ్లినప్పుడు మొహమాటం లేకుండా అడగండి. కింది పాయలు ఎన్ని బాగున్నాయి? సిర పనికొస్తుందా, ఏ కాలిది తీస్తారు? వెనక నుంచి చేస్తారా, పక్క నుంచా, ఎందుకు? ఇలాంటివి మీరు ఎన్ని చేశారు? స్టెంట్ అంటే, మా బాపు రోజూ గొంతుక్కూర్చుంటాడు, అయినా నప్పుతుందా? మంచి సర్జన్ ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకోరు. ఎక్కడికి వెళ్లినా ఆ ఆసుపత్రిలో వాస్క్యులర్ సర్జన్ ఉన్నారో లేదో ముందే కనుక్కోండి. హైదరాబాద్ నిమ్స్‌లో ఇందుకు వేరే విభాగమే ఉంది. డబ్బు గురించి మీరు రాయలేదు కానీ ఆ దిగులు ఉండే ఉంటుంది. రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. మీరు అనుకున్న చికిత్స అందులో వస్తుందో లేదో ఆ ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడిగి, అడ్మిట్ కాకముందే తేల్చుకోండి.

ఇది మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి. ఆపరేషన్‌కు ముందైనా తర్వాతైనా కాలు ఒక్కసారిగా చల్లబడితే, పాలిపోతే, భరించలేని నొప్పి వస్తే, తిమ్మిరి ఎక్కితే, వేళ్లు కదలకపోతే తెల్లారే దాకా ఆగకండి. సుమారు ఆరు గంటలు దాటితే కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. కాపడం పెట్టొద్దు, రుద్దొద్దు, కాలు ఎత్తి దిండ్ల మీద పెట్టొద్దు. 108కి ఫోన్ చేసి దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, మోకాలి వెనక ధమని ఉబ్బిందని డాప్లర్ రిపోర్టు చూపించండి. వరంగల్ నుంచి హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు, మూడు గంటల దారి. మీ ఊరి నుంచి వరంగల్ చేరే సరికే కొంత సమయం పోతుంది. కాబట్టి పెద్ద సర్జన్ దగ్గరికి పంపే ముందే, రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఇంజెక్షన్ ఇవ్వొచ్చా అని అక్కడి డాక్టరును అడగండి. అలాంటి పరిస్థితిలో సన్నని గొట్టం ద్వారా గడ్డ కరిగించే మందు ఎక్కించడం, గడ్డ లాగేయడం, అప్పటికప్పుడు బైపాస్ వేయడం, పిక్క బిగుసుకుపోతే ఒత్తిడి తగ్గేలా కోసి వదలడం అన్నీ చేస్తారు. అన్నీ చేసినా కొన్ని కాళ్లు దక్కవు. అందుకే కొద్ది వారాల్లోనే చేయించమంటున్నాను.

బీడీ గురించి కోప్పడుతూ చెప్పను. ఇన్నేళ్ల అలవాటు. కానీ బైపాస్ వేసిన సిర మూసుకుపోవడానికి పొగ పెద్ద కారణం. ఆపరేషన్ తేదీ ఖాయమైన రోజే ఆపేయమనండి, ఒక్కడివల్ల కాకపోతే మాన్పించే మందులున్నాయి, అడగమనండి. బీపీ మాత్రలు మానకూడదు. కొవ్వు తగ్గించే మాత్ర, ఆస్పిరిన్ లాంటివి డాక్టరు రాస్తే క్రమం తప్పకుండా వేసుకోవాలి. మీ అంతట మీరు మెడికల్ షాపులో కొని మొదలుపెట్టకండి.

ఇంటికొచ్చాక కోత మానే దాకా గొంతుక్కూర్చోవద్దు. మరుగుదొడ్డికి కుర్చీ కమోడ్ ఒకటి ముందే కొని పెట్టండి, చాలామంది ఆసుపత్రి నుంచి వచ్చాక పరుగులు పెడతారు. మెల్లగా నడిపించండి, నడక ఆ కాలికి మంచిదే. మొదటి ఏడాది మూడు, ఆరు, పన్నెండు నెలలకు డాప్లర్, ఆ తర్వాత ఏడాదికోసారి. బైపాస్ సన్నబడుతుంటే మూసుకుపోకముందే సరిచేసుకోవచ్చు. ఎడమ కాలు 1.6 కాబట్టి ఇప్పుడు కోయాల్సిన పని లేదు. కుడి కాలికి స్కాన్ తీసినప్పుడల్లా ఎడమ కాలికి కూడా తీయించండి. దానిలో గడ్డ ఉందో లేదో మీ రిపోర్టులో రాయలేదు, ఆ సంగతి ఈ సారి అడగండి.

మీ పెద్దబాపు, చిన్నబాపులు ఉంటే, అరవై దాటి పొగ తాగే వాళ్లయితే, వాళ్లకు కూడా ఒకసారి కడుపు, మోకాళ్ల స్కాన్ చేయించమనండి. ఈ గుణం కొన్ని కుటుంబాల్లో నడుస్తుంది. బాపు సీటీ రిపోర్టు రాగానే మళ్లీ రాయండి, ఆ మూడు పాయల సంగతి చూసి మాట్లాడుకుందాం.